మూసిన పత్రము, విప్పిన పత్రము



పొలము, ఇల్లు, అప్పు, వీలునామా. ఈ మాటలు ఆదివారపు ప్రసంగములో అంతగా వినబడవు. అయితే సోమవారము మొదలుకొని శనివారము వరకు మన విశ్వాసుల కుటుంబాలను కలతపెట్టేవి చాలావరకు ఇవే. మా మోర్తాడ్ ప్రాంతములో పాత ఇళ్ళలో సందూకు అడుగున ఒక గుడ్డసంచి దాచుకుంటారు. అందులో మడతలు పడిన కాగితాలు, ఊదారంగు వేలిముద్రలు, ఒక రెవెన్యూ స్టాంపు, ఎక్కడో ఒక గుండ్రని సీలు ఉంటాయి. “కాగితమున్నది, మాకేమి భయము?” అని ఇంటి పెద్ద ధైర్యముగా ఉంటాడు. ఆయన కన్నుమూసిన తరువాత ఆ కాగితము ఏ హక్కు ఇచ్చిందో, ఏ హక్కు ఇవ్వలేదో తెలిసేసరికి భార్యాబిడ్డలు కచేరీల చుట్టూ తిరుగుతుంటారు.

కుటుంబ తగాదా చాలాసార్లు మొదట సంఘకాపరి ఇంటికి వస్తుంది, ఆ తరువాతనే పోలీసు స్టేషనుకు, కోర్టుకు పోతుంది. కనుక వ్రాతపత్రమును గూర్చి దేవుని వాక్యము ఏమి చూపిస్తున్నదో, మన దేశపు చట్టము ఏమి చెబుతున్నదో కలిపి ఆలోచించడము మేలు. ఇది వకీలు సలహాకు బదులు కాదు. వకీలు దగ్గరికి వెళ్ళేముందు ఇంటిల్లిపాది తెలుసుకోవలసిన సంగతులు మాత్రమే.

అనాతోతు పొలము

యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయములో ఒక భూమి కొనుగోలు ఉన్నది. అది సిద్కియా రాజు ఏలుబడిలో పదియవ సంవత్సరము, అంటే క్రీ.పూ. 587 ప్రాంతము. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించింది. ప్రవక్త చెరసాల ప్రాకారములో ఖైదీగా ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలము కొనుమని అడిగాడు. ధర పదిహేడు తులాల వెండి.

కొన్నవాడు, అమ్మినవాడు దగ్గరి బంధువులు. కొన్నవాడు దేవుని ప్రవక్త. అయినా నోటిమాటతో బేరము ముగియలేదు. యిర్మీయా క్రయపత్రము వ్రాసి, ముద్రవేసి, సాక్షులను పిలిపించి, వెండిని త్రాసులో తూచి ఇచ్చాడు. ముద్రవేసిన పత్రమును, ముద్రవేయక విప్పియున్న మరొక పత్రమును తీసుకొని హనమేలు ఎదుట, సంతకము చేసిన సాక్షుల ఎదుట, అక్కడ కూర్చున్న యూదులందరి ఎదుట బారూకు చేతికి అప్పగించాడు. రెండింటినీ చాలా దినాలు నిలిచేలా మంటికుండలో పెట్టుమన్నాడు (యిర్మీయా 32:9-14).

పత్రాలు రెండు ఎందుకు? విప్పియున్న దానిని ఎవరైనా చదువుకోవచ్చు, కాని ఎవరైనా దిద్దే ప్రమాదము కూడా ఉన్నది. మూసియున్న దానిని ఎవరూ దిద్దలేరు, కాని రోజూ చదువలేరు. వివాదము వస్తే న్యాయాధిపతి ఎదుట ముద్ర విప్పి రెండింటినీ పోల్చుకోవచ్చు. ప్రాచీన మెసొపొతమియాలో మట్టిపలక మీద ఒప్పందము వ్రాసి, దానిని మట్టి కవరులో పెట్టి, కవరు పైన కూడా అదే సంగతి వ్రాసేవారు. 1961లో మృతసముద్రము దగ్గరి ఒక గుహలో పురావస్తు శాస్త్రజ్ఞుడు యిగాయెల్ యాదిన్ బృందానికి బబాతా అనే యూదురాలి తోలుసంచి దొరికింది. అందులో క్రీ.శ. 94 నుండి 132 వరకు గల 35 పత్రాలున్నాయి. కొన్నింటిలో ఒకే సంగతి పైన ఒకసారి, క్రింద ఒకసారి వ్రాసి, పై భాగమును చుట్టి దారముతో కుట్టి, వెనుక సాక్షులు సంతకాలు చేశారు. బబాతా విధవరాలు. తండ్రిలేని కుమారుని పోషణ కొరకు అతని సంరక్షకులతో ఆమె వ్యాజ్యమాడవలసి వచ్చింది. తన హక్కు పత్రాలను గుహ దాకా మోసుకొని వెళ్ళిందంటే వాటి విలువ ఆమెకు ఎంత బాగా తెలుసునో గమనించండి.

యిర్మీయా చేసిన దానిలో నాలుగు పనులున్నాయి. ముద్ర, వ్రాసినది మారకుండా కాపాడుతుంది. సాక్షి, ఎవరు వ్రాసి ఇచ్చారో చెబుతాడు. విప్పిన పత్రము లోకానికి తెలియజేస్తుంది. మంటికుండ తరువాతి తరము కొరకు భద్రపరుస్తుంది. ఈ నాలుగింటిలో ఏది లోపించినా పత్రము కుంటుతుంది. మన కాలపు చట్టములో కూడా ఈ నాలుగు పనులే వేర్వేరు పేర్లతో ఉన్నాయి.

ముద్రకు చట్టములో ఉన్న విలువ

రోమీయుల కాలములో ఏడుగురు సాక్షులు తమ ముద్రలు వేసిన వీలునామాకు న్యాయాధికారి గుర్తింపు ఉండేది. ప్రకటన గ్రంథము 5వ అధ్యాయములో ఏడు ముద్రలుగల గ్రంథమును గూర్చి విన్న ఆనాటి సంఘాలకు ఇది తెలియని సంగతి కాదు. ఇంగ్లాండులో కూడా శతాబ్దాల పాటు ముద్రకు గొప్ప బలముండేది. మామూలు వాగ్దానము చెల్లాలంటే దానికి బదులుగా ఏదైనా ప్రతిఫలము ఉండాలి. ముద్రవేసి ఇచ్చిన వాగ్దానమైతే ప్రతిఫలము లేకున్నా చెల్లేది. రానురాను లక్క ముద్ర పోయి ఎర్ర కాగితపు బిళ్ళ వచ్చింది, తరువాత అచ్చువేసిన చిన్న వలయము వచ్చింది. చివరకు 1989 నాటి చట్టము వ్యక్తులు చేసే దస్తావేజుకు ముద్ర అక్కరలేదని, సాక్షి ఎదుట సంతకము చాలునని తేల్చింది.

మన దేశపు చట్టములో ముద్రకు ఆ బలము లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 25వ సెక్షను ప్రకారము ప్రతిఫలము లేని ఒప్పందము చెల్లదు. అయితే దగ్గరి బంధువుల మధ్య సహజమైన ప్రేమానురాగాల చేత చేసిన వాగ్దానము చెల్లుతుంది. ఎట్లా? అది వ్రాతమూలకముగా ఉండి, రిజిస్టరు అయితేనే. చూడండి, చట్టము ప్రేమను గుర్తించిన చోటనే వ్రాతను, రిజిస్ట్రేషనును కూడా అడుగుతున్నది!

మరి కంపెనీలు, కోర్టులు, ఆఫీసులు వేసే సీలు ఏమిటి? ఆ కాగితము ఎవరి దగ్గరనుండి వచ్చిందో అది చెబుతుంది, అంతే. కంపెనీలకు కూడా 2015లో జరిగిన సవరణతో సీలు తప్పనిసరి కాకుండా పోయింది. సీలు తనంతట తాను ఎవరికీ భూమిని ఇవ్వదు.

సాదా బైనామా

తెలంగాణ పల్లెలలో సాదా బైనామా అంటే తెలియనివారుండరు. ‘సాదా’ అంటే మామూలు, ‘బై’ అంటే అమ్మకము, ‘నామా’ అంటే పత్రము. పెద్దమనుషుల మధ్య తెల్లకాగితము మీద వ్రాసుకొని, డబ్బు చెల్లించి, భూమిని స్వాధీనము చేసుకునేవారు. పసుపు అమ్మిన డబ్బుతో కొన్నవారున్నారు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతబడక మునుపు చెరకు తోలిన డబ్బుతో కొన్నవారున్నారు, గల్ఫ్ నుండి పంపిన డబ్బుతో కొన్నవారున్నారు. వారిలో చాలామంది ఎవరినీ మోసము చేయలేదు, ఎవరి చేతా మోసపోలేదు. మాటమీద నిలబడే మనుషుల మధ్య జరిగిన బేరమది.

కాని చట్టము ఏమంటున్నది? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము నూరు రూపాయలు గాని అంతకు మించి గాని విలువగల భూమి, ఇల్లు అమ్మకము రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము రిజిస్టరు కావలసిన పత్రము కాకపోతే అది ఆ ఆస్తిమీద హక్కును కలిగించదు. కనుక డబ్బు ఇచ్చినా, ఇరవై ఏండ్లు దున్నుకున్నా, పట్టా అమ్మినవాని పేరుననే ఉండిపోతుంది. మాట ఇచ్చిన పెద్దలు ఉన్నంతకాలము బాధ లేదు. వారు పోయి, భూమి ధర పెరిగి, పిల్లలు “మా నాయన అమ్మలేదు, కౌలుకిచ్చిండు” అన్నప్పుడు ఆ తెల్లకాగితము మూగబోతుంది.

ఈ కష్టము ఒకరిద్దరిది కాదు. 2016లో ప్రభుత్వము సాదా బైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు తీసుకున్నది. 2020 అక్టోబరు, నవంబరు నెలలలో మళ్ళీ పిలిస్తే దాదాపు తొమ్మిది లక్షల దరఖాస్తులు వచ్చాయి. అదే సమయములో అమలులోకి వచ్చిన కొత్త రెవెన్యూ చట్టములో వాటికి చోటు లేకపోవడముచేత, హైకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో అవి నిలిచిపోయాయి. 2025లో వచ్చిన భూభారతి చట్టము మళ్ళీ ఒక దారి చూపింది. 2014 జూన్ 2కు ముందు కొని, పన్నెండేండ్లుగా స్వాధీనములో ఉండి, 2020లో గడువులోగా దరఖాస్తు పెట్టుకున్న సన్నకారు, చిన్నకారు రైతుల విషయములో విచారణ చేసి, రుసుములు కట్టించుకొని పట్టా ఇచ్చే ఏర్పాటు అది. మీ ఇంటిలో అలాంటి దరఖాస్తు ఉంటే రసీదును జాగ్రత్త చేసి, తహసీలు కార్యాలయములో విచారించండి.

యిర్మీయా చేసిన నాలుగు పనులతో ఈ బైనామాను పోల్చండి. వ్రాత ఉన్నది, సాక్షులున్నారు, దాచిన సంచి ఉన్నది. లేనిది విప్పియున్న పత్రము. రిజిస్ట్రేషను ఆఫీసు పుస్తకములో ఎక్కే నకలే మన కాలపు విప్పియున్న పత్రము. అందుకే ఎవరైనా ఈసీ తీసుకొని ఆ ఆస్తి చరిత్ర చూడగలుగుతారు. సాగుభూమి రిజిస్ట్రేషను 2020 నవంబరు నుండి తహసీలు కార్యాలయములోనే జరుగుతున్నది. ఇండ్లకు, ప్లాట్లకు సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయము ఉన్నది. వ్రాసిన నాటినుండి నాలుగు నెలలలోపు దస్తావేజును అక్కడ దాఖలు చేయాలి.

సీలు చూచి మోసపోవద్దు

“మాది వట్టి సాదా కాదు, నోటరీ చేయించినము” అని కొందరు అంటారు. నోటరీ సీలు, ఫలానావారు తన ఎదుట సంతకము చేశారని చెప్పడానికే. అది రిజిస్ట్రేషను కాదు. నోటరీ చేసిన అమ్మకపు కాగితముతో భూమి మీది కాదు.

“నూరు రూపాయల స్టాంపు కాగితము మీద వ్రాసినము” అని మరికొందరు అంటారు. స్టాంపు ప్రభుత్వానికి కట్టే సుంకము మాత్రమే. అది సాక్షి కాదు, హక్కు కాదు. స్టాంపు కాగితము ఆరు నెలలు దాటితే పనికిరాదనే మాట కూడా నిజము కాదు. ఆరు నెలల గడువు వాడని స్టాంపును వాపసు ఇచ్చి డబ్బు తీసుకోవడానికి సంబంధించినదని 2008లో సుప్రీంకోర్టు వివరించింది.

“జీపీఏ ఉన్నది” అనే మాట మూడవది. జీపీఏ, అగ్రిమెంటు చేతిలో ఉన్నంతమాత్రాన అమ్మకము జరిగినట్లు కాదని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చిచెప్పింది. మన ప్రాంతములో ఇది మరీ ముఖ్యము. దుబాయిలోనో సౌదీలోనో పనిచేసే కుమారుడు ఊరిలోని తమ్మునికి అధికారపత్రము పంపాలంటే అక్కడి భారత రాయబార కార్యాలయములోనో, కాన్సులేటులోనో అధికారి ఎదుట సంతకము చేయాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలలలోపు స్టాంపు సుంకము కట్టించాలి. ఇంకొక మాట మరువకండి. సాధారణముగా అధికారపత్రము ఇచ్చినవాడు చనిపోతే ఆ పత్రము కూడా అక్కడితో చనిపోతుంది. తరువాత హక్కు అతని భార్యాబిడ్డలది, పత్రము పట్టుకున్న తమ్మునిది కాదు.

ఖాళీ కాగితము మీద వేలిముద్ర

వీసాకు డబ్బు కావాలి, ఇంటిలో రోగమున్నది, ఆడపిల్ల పెండ్లి ఉన్నది. అప్పు ఇచ్చేవాడు రెవెన్యూ స్టాంపు అంటించిన ఖాళీ ప్రామిసరీ నోటు ముందు పెడతాడు. అవసరములో ఉన్నవాడు సంతకము పెడతాడు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము 20వ సెక్షను ప్రకారము స్టాంపుగల ఖాళీ కాగితము మీద సంతకము చేసి ఇస్తే, దానిని నింపుకునే అధికారము ఇచ్చినట్లే చూస్తారు. “నేను వ్రాసింది ముప్పయి వేలకే” అని తరువాత రుజువు చేయడము ఎంత కష్టమో ఆలోచించండి.

కనుక అంకెలు, అక్షరాలు, తేదీ, వడ్డీ నింపిన తరువాతనే సంతకము చేయండి. చదువురానివారు నమ్మకస్తుని చేత పూర్తిగా చదివించుకొని వేలిముద్ర వేయండి. కట్టిన ప్రతి సొమ్మును నోటు వెనుక తేదీతో చెల్లు వ్రాయించండి. అప్పు తీరిన రోజుననే నోటు తిరిగి తీసుకోండి. అప్పు ఇచ్చినవారు కూడా వినండి. నోటుకు స్టాంపు లేకపోతే తరువాత జరిమానా కట్టినా అది సాక్ష్యముగా చెల్లదు. సాధారణముగా మూడేండ్లలోపు దావా వేయకపోతే గడువు తీరిపోతుంది. గడువులోపల ఋణస్థుడు సంతకము చేసి అప్పును ఒప్పుకుంటే గడువు అప్పటినుండి కొత్తగా మొదలవుతుంది. విశ్వాసి తన తోటి విశ్వాసి చేత ఖాళీ నోటు మీద సంతకము చేయించుకోకూడదు. అది సహాయము కాదు, ఉచ్చు.

క్రైస్తవుని వీలునామా

“వీలునామా వ్రాస్తే చావును పిలిచినట్లు” అనుకునే పెద్దలు మన సంఘాలలో కూడా ఉన్నారు. వ్రాయకపోతే ఏమవుతుంది? 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము భార్యను, పిల్లలను విడిచి క్రైస్తవుడు చనిపోతే, అతని ఆస్తిలో మూడవ వంతు భార్యది, మిగిలిన రెండు వంతులు పిల్లలవి. కుమారునికి, కుమార్తెకు సమాన భాగము. పెండ్లయిన కుమార్తె అని భాగము తగ్గదు. “ఆడపిల్లకు పెట్టి పంపినము కదా” అనే మాటకు ఇక్కడ చోటు లేదు.

వీలునామాకు స్టాంపు కాగితము అక్కరలేదు, తెల్లకాగితము చాలు. వ్రాసినవాడు సంతకము చేయాలి. ఇద్దరు సాక్షులు దానిని చూచి, అతని ఎదుట తామును సంతకము చేయాలి. రిజిస్ట్రేషను ఐచ్ఛికము, అయినా చేయించుకోవడము మంచిది. క్రైస్తవులు ప్రత్యేకముగా గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి. వీలునామాకు సాక్షిగా సంతకము చేసినవానికి గాని, అతని భార్యకు లేక భర్తకు గాని అందులో ఏదైనా వ్రాస్తే ఆ భాగము చెల్లదు. కనుక ఆస్తి పొందవలసిన కుమారుని సాక్షిగా పెట్టకండి. రెండవది, వీలునామా వ్రాసిన తరువాత అతడు వివాహము చేసుకుంటే పాత వీలునామా రద్దవుతుంది. భార్య పోయిన తరువాత రెండవ వివాహము చేసుకున్నవారు దీనిని మరువకూడదు.

ముద్రవేసిన పత్రానికి మన చట్టములో ఇప్పటికీ ఒక గౌరవస్థానమున్నది. రిజిస్ట్రేషను చట్టము 42వ సెక్షను ప్రకారము వీలునామాను కవరులో పెట్టి, సీలువేసి, పైన తన పేరు వ్రాసి జిల్లా రిజిస్ట్రారు వద్ద భద్రపరచవచ్చు. లోపల ఏమున్నదో రిజిస్ట్రారు చూడడు. అగ్నికి కాలని పెట్టెలో దానిని ఉంచాలని చట్టము చెబుతున్నది. ఇది మన కాలపు మంటికుండ! వ్రాసినవాడు చనిపోయిన తరువాత దరఖాస్తు పెడితే, దరఖాస్తుదారుని ఎదుట కవరు విప్పి, పుస్తకములో నకలు ఎక్కించి, అసలును మళ్ళీ భద్రపరుస్తారు. మూసిన పత్రము అప్పుడు విప్పిన పత్రమవుతుంది.

దేవుని పనికి ఆస్తి వ్రాయాలనుకునేవారికి ఒక మాట. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు ధర్మకార్యానికి ఆస్తి వ్రాయాలంటే చావుకు పన్నెండు నెలల ముందే వీలునామా వ్రాసి, ఆరు నెలలలోపు భద్రపరచాలని 118వ సెక్షనులో నిబంధన ఉండేది. అది సమానత్వానికి విరుద్ధమని 2003లో సుప్రీంకోర్టు జాన్ వల్లమట్టం కేసులో కొట్టివేసింది. ద్వారము తెరవబడింది గనుక కాపరులమైన మేము మరింత జాగ్రత్తగా ఉండాలి. మంచముపట్టిన వృద్ధుని ప్రక్కన కూర్చుని వ్రాయించుకునే పత్రము సంఘానికి ఘనత తేదు.

సహోదరుల మధ్య కాగితమెందుకు?

“అన్నదమ్ములము, ఒకే బల్లలో పాలుపంచుకునేవారము, మా మధ్య కాగితమా?” అని అడిగేవారున్నారు. ఒనేసిము చేసిన నష్టమును తానే తీరుస్తానని పౌలు ఫిలేమోనుకు మాట ఇచ్చాడు. ఫిలేమోను ఆయనకు ప్రియసహోదరుడు, జతపనివాడు. అయినా ఆ మాటను పౌలు తన స్వహస్తముతో వ్రాసి ఇచ్చాడు (ఫిలేమోను 19). వ్రాయడము అనుమానమైతే పౌలు వ్రాసేవాడు కాదు.

వ్రాత అవసరము మన ఇద్దరి కొరకు కాదు. మాట ఇచ్చినవానికి, విన్నవానికి అది తెలుసు. ఆ రోజు అక్కడ లేనివారికి వ్రాత కావాలి. విధవరాలికి, చంటిబిడ్డకు, దూరదేశములో ఉన్న కుమారునికి వ్రాత కావాలి. మన నోరు మూతబడిన తరువాత వారి పక్షముగా మాట్లాడేది ఆ పత్రమే. కనుక సరిగా వ్రాసి రిజిస్టరు చేయించడము ప్రేమ తక్కువై చేసే పని కాదు. ప్రేమను తరువాతి తరానికి అందించే పని.

ప్రతి సంఘములో బారూకు వంటివారు ఒకరిద్దరు ఉండాలి. చదువుకున్న యువకులారా, రిటైరైన ఉద్యోగులారా, ఇది మీరు చేయదగిన పరిచర్య. చదువురాని తల్లికి ఆమె పాసుపుస్తకము చదివి వినిపించండి. ఈసీ తీసిపెట్టండి. వేలిముద్ర వేయకముందు ప్రతి పంక్తి అర్థము చెప్పండి. కుటుంబ పెద్దలారా, ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థన తరువాత ఏ పత్రము ఎక్కడున్నదో, ఎవరికి ఎంత ఇవ్వవలసియున్నదో, ఎవరినుండి ఎంత రావలసియున్నదో మీ భార్యకు, పెరిగిన పిల్లలకు చెప్పండి.

మనకు విరోధముగా నిలిచిన ఋణపత్రమును మన ప్రభువు సిలువకు మేకులతో కొట్టి తీసివేశాడని పౌలు కొలొస్సయులకు వ్రాశాడు (2:14). తీర్చబడిన పత్రపు విలువ ఎరిగిన ప్రజలము మనము. అటువంటి మనము ఒకరి మీద ఒకరము తప్పుడు పత్రాలు ఎట్లా పట్టుకోగలము?

యిర్మీయా ఆ పొలము దున్నినట్లు లేఖనాలలో ఎక్కడా కనబడదు. కొంతకాలానికి అతనిని ఐగుప్తుకు తీసుకొనిపోయారు (43:6-7). ఆ దేశములో ఇండ్లు, పొలాలు, ద్రాక్షతోటలు మళ్ళీ కొనబడే దినము వస్తుందని దేవుడు చెప్పిన మాటను నమ్మి, తాను అనుభవింపబోని పొలానికి పత్రము సరిగా వ్రాయించి కుండలో పెట్టించాడు. రాబోవువారి కొరకు అంత జాగ్రత్తపడే విశ్వాసమును ప్రభువు మన కుటుంబాలకును దయచేయును గాక. ఆమేన్.